కొత్త కమ్మరికి ముందు కావలసింది సంచి లెక్క

ఆన్‌లైన్ ఆటల్లో లోహం కరిగించడం, దాన్ని దాగలి మీద సాగగొట్టి వస్తువు చేయడం కొత్తగా మొదలుపెట్టినవారు దాదాపు అందరూ మొదట అడిగేది ఒకటే: ఏ లోహం పట్టుకుంటే త్వరగా పై లెవెల్‌కి చేరతాం? ఈ ప్రశ్నే వారిని తప్పుదారి పట్టిస్తుందని నా గట్టి నమ్మకం. సంచి ఒకసారి నింపుకొని కొలిమి దగ్గరికి వెళితే ఎన్ని కడ్డీలు చేతికొస్తాయి, ఆ కడ్డీలు దాగలి మీద ఎంత అనుభవంగా మారతాయి, దానికి ఎంత డబ్బు ఖర్చవుతుంది అన్న మూడు సంగతులు తెలిసినవారికి లోహం ఎంపిక దానంతటదే తేలిపోతుంది. అవి తెలియకుండా ఎవరో రాసిపెట్టిన గైడును బట్టీ పట్టి ఆడేవారు, ధరలు మారిన మరుసటి వారమే ఏం చేయాలో తోచక ఆగిపోతారు.

ఈ మాట చెప్పడానికి నేను బాగా ఎరిగిన ఆటనే తీసుకుంటాను. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌కి చెందిన జాగెక్స్ సంస్థ రూన్‌స్కేప్‌ను 2001లో విడుదల చేసింది. ఆ ఆట 2007 నాటి రూపాన్ని 2013లో ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ పేరుతో మళ్ళీ తెరిచారు, 2018 నుంచి అది ఫోన్‌లో కూడా అదే ఖాతాతో ఆడుకునే వీలు వచ్చింది. మన దగ్గర కంప్యూటర్ లేని విద్యార్థి సైతం బస్సులో కూర్చుని నాలుగు సంచుల ఇనుము కరిగించుకోగలడు గనుక, ఇక్కడి కొత్త ఆటగాళ్ళకు ఇది అనువైన ఆట. ఇందులో కమ్మరి పనిని స్మితింగ్ అంటారు. ఆట మొదట్లో వచ్చే శిక్షణ ద్వీపంలోనే ప్రతి ఆటగాడి చేతా రాగి, తగరం తవ్వించి, కరిగించి, కంచు బాకు ఒకటి చేయిస్తారు. పని క్రమం మొత్తం ఆ ఒక్క బాకులోనే ఉంది: గనిలో ఖనిజం, కొలిమిలో కడ్డీ, దాగలి మీద వస్తువు.

సంచిలో 28 గడులు ఉంటాయి. ఆటలోని కమ్మరి పనిని శాసించేది ఈ అంకే. కంచు కడ్డీకి ఒక రాగి, ఒక తగరం కావాలి కాబట్టి నిండు సంచితో 14 కడ్డీలు వస్తాయి, కడ్డీకి 6.2 చొప్పున దాదాపు 87 ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు) దక్కుతుంది. 30వ లెవెల్‌లో చేతికొచ్చే ఉక్కుకు ఒక ఇనుప ఖనిజం, రెండు బొగ్గులు పడతాయి, అంటే సంచికి 9 కడ్డీలు, కడ్డీకి 17.5 చొప్పున 157.5 ఎక్స్‌పీ. ఇక పైవన్నీ ఊహా లోహాలే. 50లో వచ్చే మిత్రిల్‌కు నాలుగు బొగ్గులు కావాలి, సంచికి 5 కడ్డీలే, 150 ఎక్స్‌పీ. 70లో వచ్చే అడమంటైట్‌కు ఆరు బొగ్గులు, సంచికి 4 కడ్డీలు, మళ్ళీ 150. 85లో వచ్చే రూన్ కడ్డీకి ఎనిమిది బొగ్గులు, సంచికి 3 కడ్డీలు, అదీ 150యే.

ఈ వరుసను ఒకసారి నిదానంగా చూడండి. ఉక్కు నుంచి రూన్ వరకు 55 లెవెళ్ళు ఎక్కినా, మామూలు కొలిమి దగ్గర ఒక్కో సంచికి దక్కే ఎక్స్‌పీ పెరగకపోగా కాస్త తగ్గింది. లోహం పేరు పెద్దదయ్యేకొద్దీ బొగ్గు సంచిని ఆక్రమిస్తుంది, కడ్డీల సంఖ్య కుంచించుకుపోతుంది. పై లోహం కరిగిస్తే త్వరగా ఎదుగుతామన్న భావన మామూలు కొలిమి వరకు నిరాధారమైనదని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కరలేదు. ఈ లెక్క వేయడానికి కాగితం, పెన్ను చాలు, అయినా ఎంతోమంది మిత్రిల్ లెవెల్ వచ్చీ రాగానే ఉక్కును వదిలేసి బొగ్గు మోయడంలో సాయంత్రాలు గడిపేస్తుంటారు.

దాగలి దగ్గర సంగతి వేరు. అక్కడ బొగ్గు లేదు, సుత్తికి ఒక గడి పోను 27 కడ్డీలు పడతాయి. అన్నిటికంటే పెద్ద వస్తువైన ఛాతీ కవచానికి అయిదు కడ్డీలు కావాలి గనుక సంచికి అయిదు కవచాలు చేయవచ్చు. దాగలి మీద ఇనుప కడ్డీ ఒక్కొక్కటి 25, ఉక్కు కడ్డీ 37.5, మిత్రిల్ కడ్డీ 50 ఎక్స్‌పీ ఇస్తాయి. అంటే అయిదు ఇనుప కవచాలకు 625, ఉక్కు కవచాలకు 937.5, మిత్రిల్ కవచాలకు 1,250. లోహం విలువ ఎక్స్‌పీలో నిజంగా కనిపించేది ఇక్కడే. కరిగించడం, సాగగొట్టడం ఒకే నైపుణ్యం కింద లెక్కకు వచ్చినా, ఆటగాడు వాటిని రెండు వేర్వేరు వృత్తులుగా చూడాలని నేను పట్టుబట్టి చెప్పేది ఇందుకే. కొలిమిలో సరుకు తయారవుతుంది, ఎదుగుదల మాత్రం దాగలి మీద వస్తుంది.

ఇనుము గురించి విడిగా చెప్పాలి. 15వ లెవెల్‌లో ఇనుము కరిగించే అర్హత వచ్చినప్పుడు, కరిగించిన ఖనిజంలో సగం వృథా అవుతున్నట్టు కనిపించి కొత్తవారు కంగారు పడతారు. ఆటలో లోపమేమీ లేదు, ఆ లోహానికి పెట్టిన నియమమే అది: ప్రతి ఇనుప ఖనిజమూ కడ్డీ కావడానికి సగం అవకాశమే ఉంది. 28 ఖనిజాలు తీసుకువెళితే సగటున 14 కడ్డీలతో తిరిగి వస్తారు. రింగ్ ఆఫ్ ఫోర్జింగ్ అనే ఉంగరం వేలికి ఉంటే ఒక్కటీ వృథా పోదు. ఆ ఉంగరం 140 కడ్డీల తరువాత కరిగిపోతుంది, అంటే సరిగ్గా అయిదు నిండు సంచులు. కాబట్టి ఉంగరం కొనాలా వద్దా అన్నది సులభంగా తేల్చుకోవచ్చు. అది లేకపోతే ఆ 140 ఖనిజాల్లో సగటున 70 బూడిదపాలవుతాయి. 70 ఇనుప కడ్డీల ధర కంటే ఉంగరం ధర తక్కువైతే కొనండి, ఎక్కువైతే మానేయండి. ఆటలో మీరు చేసే ప్రతి కొనుగోలుకూ ఇదే పద్ధతి పనికివస్తుంది.

ఇక చాలామంది పాత ఆటగాళ్ళు కొత్తవారికి చెప్పే సలహా ఒకటుంది: కంచు, ఇనుము జోలికే పోవద్దు, నేరుగా నైట్స్ స్వోర్డ్ అనే క్వెస్ట్ (ఆట అప్పగించే కథాపని) పూర్తిచెయ్యి అని. ఆ సలహాలో బలం ఉంది. ఆ క్వెస్ట్ 12,725 స్మితింగ్ ఎక్స్‌పీ ఇస్తుంది, ఒకటో లెవెల్ వాడిని ఒక్కసారిగా 29కి చేరుస్తుంది. దానికి కావలసిన అర్హత మైనింగ్‌లో 10వ లెవెల్ మాత్రమే. ఫాలడోర్ కోటలో ఒక సేవకుడు తన యజమాని కత్తి పోగొట్టి గాభరా పడుతుంటాడు. అలాంటి కత్తి చేయగల థుర్గో అనే పొట్టి కమ్మరిని వెతికి, అతడికి ఇష్టమైన, ఎర్రపండ్లతో చేసే ‘పై’ అనే వంటకం ఒకటి చేతిలో పెట్టి మంచి చేసుకోవాలి, కోటలోని బీరువా నుంచి కత్తి చిత్రపటం తీసుకురావాలి, రెండు ఇనుప కడ్డీలు, ఒక బ్లూరైట్ ఖనిజం తెచ్చివ్వాలి. బ్లూరైట్ దొరికేది పోర్ట్ సారిమ్‌కు దక్షిణాన ఉన్న మంచు గుహలోనే. లోపల మంచు రాక్షసులూ, మంచు యోధులూ కాచుకుని ఉంటారు, వారి పోరాట లెవెళ్ళు యాభై దాటినవి. కొత్తవాడు వాళ్ళతో తలపడి గెలవలేడు, తలపడనవసరమూ లేదు. విలువైన వస్తువులన్నీ బ్యాంకులో దాచి, పికాసు, కొంత తిండి మాత్రం పట్టుకుని, పరుగు శక్తి నిండుగా ఉన్నప్పుడు లోపలికి వెళ్ళి, ఆగకుండా ఖనిజం దగ్గరికి చేరి, అదనంగా ఒకటి కూడా తవ్వుకుని అదే పరుగున బయటపడాలి.

అయినా ఈ క్వెస్ట్‌కు ముందే ఒకసారి రాగి, తగరం మీ చేతులతో తవ్వి, ఒక నిండు సంచి కంచు కరిగించి, ఆ కడ్డీలన్నీ దాగలి మీద వస్తువులు చేయమని నేను చెబుతాను. అందులో దక్కే ఎక్స్‌పీ నామమాత్రమే, కానీ గని నుంచి బ్యాంకుకు ఎంత దూరం, ఎడ్జ్‌విల్ ఊరి కొలిమి బ్యాంకుకు దగ్గరగా ఉండడం వల్ల ఎంత సమయం మిగులుతుంది, వారక్ నగరపు పడమటి బ్యాంకు పక్కనే దాగలి ఉండడం ఎందుకు వరం అన్నది కాళ్ళు నడిస్తేనే తెలుస్తుంది. 29వ లెవెల్‌కి ఎగిరి దూకినవాడికి లెవెల్ ఉంటుంది, పని మీద పట్టు ఉండదు. ఒక్క సాయంత్రం ఇందుకు కేటాయిస్తే ఆ తరువాత నెలల తరబడి ఫలితం దక్కుతుంది.

క్వెస్ట్ తరువాత 30వ లెవెల్‌కు కావలసింది 13,363 ఎక్స్‌పీ, అంటే ఇంకా 638. దాగలి మీద 26 ఇనుప కడ్డీలు సాగగొడితే 650 వస్తుంది, ఒక్క సంచితో ఉక్కు చేతికి అందుతుంది. 33 దగ్గర ఇనుప ఛాతీ కవచం, 48 దగ్గర ఉక్కు ఛాతీ కవచం చేసే అర్హత వస్తాయి. ఈ 33కీ 48కీ నడుమ ఉన్న దూరమే కొత్తవారి ఓపికకు అసలు పరీక్ష కాబట్టి అక్కడ కొంచెం ఆగుదాం.

ఆ దూరం 64,767 ఎక్స్‌పీ. అంతా ఇనుప కవచాలతో దాటాలంటే 519 కవచాలు, దాదాపు 2,600 కడ్డీలు, సంచికి 25 చొప్పున నూటికి పైగా రాకపోకలు. ఆ కడ్డీలను ఉంగరం లేకుండా సొంతంగా కరిగించుకోవాలంటే సగటున 5,200 ఖనిజాలు కావాలి. అదే దూరాన్ని ఉక్కు వస్తువులతో దాటితే 1,728 కడ్డీలు చాలు. ఇనుప కడ్డీ ఇచ్చే ఎక్స్‌పీకి ఉక్కు కడ్డీ ఒకటిన్నర రెట్లు ఇస్తుంది గనుక, బజారులో ఉక్కు కడ్డీ ధర ఇనుప కడ్డీ ధరకు ఒకటిన్నర రెట్ల లోపు ఉంటే ఉక్కే చౌక, దాటితే ఇనుమే చౌక. దీనికి ఒక్క మెలిక ఉంది: ఇనుప కవచం ఒకే దెబ్బకు అయిదు కడ్డీలు మింగుతుంది, 48 దాకా ఉక్కులో చేయగలిగిన వస్తువులు మూడు కడ్డీలకు మించనివే, అందువల్ల ఉక్కు పని గంటకు కొంచెం నెమ్మదిగా సాగుతుంది. డబ్బు తక్కువ, సమయం ఎక్కువ ఉన్నవారు ఒక రకంగా, సమయం తక్కువ ఉన్నవారు మరో రకంగా తేల్చుకోవచ్చు. ఏ గైడూ మీ తరఫున ఈ నిర్ణయం చేయలేదు.

ఇక్కడే కొత్తవారిలో బాగా పాతుకుపోయిన ఒక భ్రమను పట్టుకోవాలి. నేనే తవ్వుకున్న ఖనిజం నాకు ఉచితమే కదా అంటారు. ఉచితం కాదు. గ్రాండ్ ఎక్స్ఛేంజ్ అనే ఉమ్మడి బజారు ఓల్డ్ స్కూల్‌లోకి 2015లో వచ్చింది, ఆనాటి నుంచి ప్రతి ఖనిజానికీ ఎప్పుడు కావాలంటే అప్పుడు అమ్ముకోగల ధర ఉంది. మీరు తవ్విన బొగ్గును కొలిమిలో వేయడమంటే దాని అమ్మకం ధరను కొలిమిలో వేయడమే. పొలంలో పండిన ధాన్యం ఇంట్లో వండుకున్నా, మార్కెట్లో వచ్చే ధరను లెక్కలో రాసుకునే రైతు పద్ధతే ఇక్కడా సరైనది. తవ్వడంలో మీకు ఆనందం ఉంటే తవ్వండి, మైనింగ్ లెవెల్ పెంచుకోవాలంటే తప్పక తవ్వండి, కానీ ఖర్చు లేదని మాత్రం అనుకోకండి. 2014లో వచ్చిన ఐరన్‌మ్యాన్ పద్ధతిలో ఆడేవారికి ఈ వాదన వర్తించదు, వారు ఇతరులతో కొనలేరు, అమ్మలేరు, కాబట్టి వారికి ప్రతి ఖనిజమూ సొంత చెమటే. వారి ఆటను నేను ఎంతో గౌరవిస్తాను, అయితే మొట్టమొదటి ఖాతాను ఆ పద్ధతిలో తెరవమని ఎవరికీ చెప్పను.

దీని వెంటే వచ్చే మరో ప్రశ్న: ఇన్ని కవచాలు చేసి అమ్మితే లాభం రాదా? చాలా సందర్భాల్లో రాదు, పైగా నష్టం వస్తుంది. దీనికి కారణం తెలిస్తే కొత్తవారు నిరాశ పడరు. వేలాది ఆటగాళ్ళు ఎక్స్‌పీ కోసమే కవచాలు చేస్తున్నారు, వాటిని తొడుక్కునేవారు అంతమంది లేరు. అందువల్ల కవచం ధర దానిలోని కడ్డీల ధర కంటే కిందికి జారుతుంది. ఆ తేడాయే మీరు ఎక్స్‌పీకి చెల్లిస్తున్న రుసుము. ధర మరీ పాతాళానికి పోకుండా కాపాడేది 55వ మ్యాజిక్ లెవెల్‌లో వచ్చే హై ఆల్కమీ మంత్రం, అది వస్తువును దానికి ఆటలో నిర్ణయించిన విలువలో 60 శాతం నాణేలుగా మారుస్తుంది. కాబట్టి సంచి అమ్మిన ప్రతిసారీ పోయిన డబ్బును వచ్చిన ఎక్స్‌పీతో భాగించి, ఒక ఎక్స్‌పీకి ఎంత చెల్లించారో రాసి పెట్టుకోండి. ఆ ఒక్క అంకె చేతిలో ఉంటే రెండు పద్ధతుల్లో ఏది మేలో ఎవరినీ అడగనక్కరలేదు.

సభ్యత్వం కట్టి ఆడేవారికి సంచి లెక్కను తలకిందులు చేసే చోటు ఒకటుంది, కెల్డగ్రిమ్ అనే మరుగుజ్జుల నగరంలోని బ్లాస్ట్ ఫర్నేస్. ద జెయింట్ డ్వార్ఫ్ క్వెస్ట్ మొదలుపెడితే చాలు, లోపలికి దారి దొరుకుతుంది. అక్కడ బొగ్గు సగమే పడుతుంది, ఇనుము ఒక్కటీ వృథా పోదు. ఉక్కుకు ఒక ఇనుము, ఒక బొగ్గు చాలు. మదర్‌లోడ్ గనిలో బంగారు తునకలు కూడబెట్టి తెచ్చుకునే బొగ్గు సంచిలో 27 బొగ్గులు పడతాయి, అది ఒక గడిలో కూర్చుంటే మిగతా 27 గడుల్లో ఇనుము నింపవచ్చు. మామూలు కొలిమి దగ్గర సంచికి 9 వచ్చిన ఉక్కు కడ్డీలు ఇక్కడ 27 వస్తాయి. మంచు చేతి తొడుగులు ఉంటే వేడి కడ్డీలను చల్లార్చే పని కూడా తప్పుతుంది. అయితే కొలిమి నడిపే పనివారికి గంటకు 72,000 నాణేలు చెల్లించాలి, 60వ లెవెల్ లోపు వారు మేస్త్రీకి ప్రతి 10 నిమిషాలకు 2,500 అదనంగా ఇచ్చుకోవాలి, రెండూ కలిపి గంటకు 87,000. అది వృథా ఖర్చా కాదా అన్నది గంటకు మీరు ఎన్ని సంచులు తిప్పగలరన్న దాని మీద ఆధారపడి ఉంటుంది, అందుకే చేయి తిరగని వారం రోజుల్లోనే అక్కడికి పరుగెత్తవద్దని అంటాను.

2022లో వచ్చిన జెయింట్స్ ఫౌండ్రీ నాకు అన్నిటికంటే ప్రియమైన చోటు. 15వ లెవెల్ నుంచే ప్రవేశం ఉంది. కోవాక్ అనే రాక్షస కమ్మరి ఎలాంటి కత్తి కావాలో చెబుతాడు, మీరు 28 కడ్డీల లోహాన్ని మూసలో పోసి, ఆ ముద్దను పెద్ద కత్తిగా తీర్చిదిద్దాలి. రెండు లోహాలు కలిపితే ఒకే లోహం కంటే నాణ్యత పెరుగుతుంది. బాగా కాలిన ముద్దను యంత్రపు సుత్తి కింద పెట్టాలి, నడిమి వేడిలో సానరాయి మీద పట్టాలి, వేడి తగ్గాక మెరుగు చక్రానికి ఆనించాలి. సుత్తి దెబ్బకు ముద్ద చల్లబడుతూ పోతుంది, సానరాయి రాపిడికి తిరిగి వేడెక్కుతుంది, కాబట్టి కన్ను ఎప్పుడూ వేడి పట్టీ మీదే ఉండాలి, అవసరాన్ని బట్టి లావా మడుగుకో నీటి ధార దగ్గరికో పరుగెత్తాలి. ఒక్క మీట నొక్కి కూర్చునే పని కాదు. పైగా కత్తి అప్పగించినప్పుడు నాణేలు కూడా ఇస్తాడు, పాత ఆయుధాలనూ కవచాలనూ కూడా అక్కడ కరిగించవచ్చు. ఇనుము, ఉక్కు చౌకగా దొరికే రోజుల్లో కొత్తవాడు నేర్చుకుంటూ ఎదగడానికి ఇంతకంటే మంచి చోటు ఆ ఆటలో నాకు కనిపించలేదు.

వేడిని బట్టి పని మారాలన్న ఆ ఒక్క విషయంలో ఫౌండ్రీ నిజమైన కమ్మరి పనికి దగ్గరగా వస్తుంది. తక్కిన చోట్ల ఆట చెప్పేదాన్ని లోహశాస్త్రంగా నమ్మకూడదు. ఆటలో కంచుకు రాగి, తగరం సమపాళ్ళు, నిజమైన కంచులో తగరం సాధారణంగా పదో వంతు చుట్టుపక్కల ఉంటుంది. ఆటలో ఉక్కుకు ఇనుము కంటే బొగ్గు రెట్టింపు, నిజమైన ఉక్కులో కర్బనం రెండు శాతం లోపే, బొగ్గులో అధిక భాగం వేడి పుట్టించడానికే ఖర్చవుతుంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం కమ్మరులు ఒకప్పుడు ఇనుమును మట్టి మూసల్లో మూసిపెట్టి, గంటల తరబడి కాల్చి, నిదానంగా చల్లార్చి చేసిన ఉక్కును పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. ఆ పనిలోని ఓర్పు ఏ ఆటలోనూ ఇమడదు. ఆట ఆడి ఆ చరిత్ర వైపు ఒక్క పిల్లవాడు చూపు తిప్పినా నేను సంతోషిస్తాను.

చివరగా, లెక్క తెలిసినవారిని కూడా ముంచే మోసం గురించి హెచ్చరించాలి. మీరు మొదటి మంచి కవచం తొడుక్కుని బజారులో నిలబడగానే ఎవరో వచ్చి, నా స్మితింగ్ లెవెల్ ఎక్కువ, నీ కవచానికి బంగారు అంచు ఉచితంగా వేసిపెడతాను, ఒకసారి ఇలా ఇవ్వు అంటారు. అంచు వేసే నైపుణ్యం ఈ ఆటలో ఏ లెవెల్‌లోనూ లేదు. అంచు ఉన్న కవచాలు క్లూ స్క్రోల్ అనే నిధి వేటల బహుమతులుగా మాత్రమే పుడతాయి. ఇచ్చిన కవచం తిరిగి రాదు. మిగతా ఏ ఎరనైనా ఇదే ప్రశ్నతో పరీక్షించండి: ఈ పని ఆటలో నిజంగా ఉందా, ఉంటే అది నా కొలిమి దగ్గర నేనే ఎందుకు చేసుకోలేను? నిజమైన డబ్బు తీసుకుని ఆట నాణేలు అమ్మేవారి దగ్గరికి అసలే పోవద్దు, అది నిబంధనలకు విరుద్ధం, ఖాతా పోతుంది. బ్యాంకుకు పిన్ పెట్టండి, ఖాతాకు రెండో తాళంలా పనిచేసే అథెంటికేటర్ తగిలించండి. ఈ రెండూ మొదటి కంచు కడ్డీ కరిగించేలోపే జరిగిపోవాలి.